మందుతో పాటు చీటీ కూడా కొండ దిగాలి

(ఆదివాసీ దినోత్సవం నాడు మన సంఘం సభలో, 108 అంబులెన్సులో ఈఎంటీగా పనిచేస్తున్న మన మన్యం బిడ్డ చేసిన ప్రసంగ పాఠం)



థింసా ఇప్పుడే అయింది. ఆ డప్పు చెవుల్లో ఇంకా మోగుతుండగానే వచ్చి మందుల గురించి మాట్లాడమన్నారు సెక్రటరీ గారు. మందు అనగానే వెనక నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ మందు కాదు తమ్ముడూ. అయినా దాని సంగతి కూడా కొంచెం వస్తుంది, ఉండు.

నేను 108 బండిలో ఈఎంటీని. పైలట్ బండి నడుపుతుంటే వెనకాల రోగి పక్కన కూర్చునే మనిషిని. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 మొదలైనప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నాను. ఆ తెల్లబండి మొదటిసారి మా రోడ్డు ఎక్కినప్పుడు పిల్లలమందరం పరిగెత్తుకెళ్లి చూశాం. ఇప్పటికీ ఊళ్లలో నన్ను అడిగేది బండి గురించే. ఎంతసేపట్లో వస్తుంది, ఘాట్ రోడ్డులో ఎంత స్పీడు పోతుంది, మా ఊరి దాకా ఎందుకు రాదు అని. న్యాయమైన ప్రశ్నలే. ఆ చివరిదానికి జవాబు చెప్పాల్సింది మాత్రం నేను కాదు, రోడ్డు వేయాల్సినవాళ్లు. కానీ బండిలో ఉన్న మందుల పెట్టె గురించి ఒక్కరూ అడగరు. ఈ రోజు దాని గురించి చెప్తాను.

ఆ పెట్టెలో ఉన్నవి చిన్న చిన్న గాజు బుడ్లు. ఆంపూల్స్ అంటాం. చాలావరకు మీ చిటికెన వేలంత కూడా ఉండవు. అందులో ఎడ్రినలిన్ అని ఒకటి ఉంది. ఒక బుడ్డిలో ఒక మిల్లీలీటరు, అందులో ఒక మిల్లీగ్రాము మందు. కందిరీగలు కుట్టో, ఏదైనా సూది పడకో ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, బీపీ పడిపోయిందనుకోండి. పెద్దవాళ్లకు ఆ బుడ్డిలో సగం, తొడ బయటి వైపు కండలో ఇస్తాం. తగ్గకపోతే ఐదు నిమిషాలాగి మళ్లీ సగం. గుండె పూర్తిగా ఆగిపోయిన మనిషికి అయితే అదే బుడ్డి మొత్తం, నేరుగా నరంలోకి, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి. మందు ఒకటే, బుడ్డి ఒకటే. గుండె ఆగిన మనిషికి ఇచ్చే మోతాదును గుండె కొట్టుకుంటున్న మనిషికి నరంలోకి ఒక్కసారిగా ఇస్తే ఆ గుండే దెబ్బ తింటుంది. అందుకే మా ట్రైనింగులో మందు పేరు ఎంత గట్టిగా చెప్పిస్తారో, ఎంత, ఎటు నుంచి, ఎప్పుడు అన్నవి కూడా అంత గట్టిగానే చెప్పిస్తారు.

ఇంకో సంగతి. నా అంతట నేను మందు ఇవ్వను. కాల్ సెంటర్లో డాక్టరు ఉంటారు. రోగి పరిస్థితి ఫోన్‌లో చెప్తే, ఆయన మందు చెప్తారు. ఆయన చెప్పింది నేను తిరిగి పైకి చదివి వినిపిస్తాను. బుడ్డి మీద రాసింది ఇంకోసారి చదువుతాను. మీలో కొందరికి ఇది చాదస్తంగా కనిపిస్తుంది, “ప్రాణం పోతుంటే ఈ వల్లెవేయడం ఏంటి” అని నాతో గొడవ పడ్డవాళ్లూ ఉన్నారు. చూడటానికి ఒకేలా ఉండే బుడ్లు పెట్టెలో పక్కపక్కనే ఉంటాయమ్మా, రాత్రి పూట, కదిలే బండిలో. ఆ వల్లెవేతకు పది సెకండ్లు పడుతుంది. మన దగ్గర అంతకన్నా పెద్ద ఇబ్బంది సిగ్నల్. ఘాట్‌లో ఏ మలుపులో ఫోన్ పలుకుతుందో మా పైలట్లకు కంఠతా వచ్చు.

మందుల గురించి మన సంఘం సభలో మాట్లాడుతూ మన ఆకుల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. బయటివాళ్లు మనతో మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు మందు వేరు, అడవి మందు వేరు అన్నట్టు మాట్లాడతారు. అది పూర్తిగా నిజం కాదు. మలేరియాకు వందల ఏళ్లు వాడిన క్వినైన్ దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడులోది, 1820లో దాన్ని విడదీశారు. ఇప్పుడు మలేరియాకు ఇచ్చే ఆర్టిమిసినిన్ రకం మందులు చైనాలో ఒక మొక్క నుంచి వచ్చాయి. దాన్ని కనిపెట్టిన తూ యూయూ అనే ఆవిడకు 2015లో నోబెల్ ఇచ్చారు, ఆవిడకు దారి చూపింది పాత వైద్య గ్రంథాలే. మన సర్పగంధి వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే బీపీ మందు తీశారు.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైన ఉదాహరణ ఉమ్మెత్త. ఉమ్మెత్త కాయ తిన్న పిల్లల్ని మీరందరూ చూసే ఉంటారు. కళ్లు పెద్దవైపోతాయి, నోరు ఎండిపోతుంది, గుండె దడదడలాడుతుంది, లేనివాళ్లతో మాట్లాడుతుంటారు. ఆ పని చేసే పదార్థాల్లో ఒకటి ఎట్రోపిన్. అదే ఎట్రోపిన్ మా పెట్టెలో 0.6 మిల్లీగ్రాముల బుడ్లలో ఉంటుంది. పురుగుల మందు తాగిన మనిషికి దీనికి సరిగ్గా ఎదురు లక్షణాలుంటాయి. కంటిపాప సూది మొనంత అయిపోతుంది, నోట్లో నురగ, ఊపిరితిత్తుల్లో నీరు, గుండె నెమ్మదిస్తుంది. వాళ్లకు ఆసుపత్రిలో మూడు నుంచి ఐదు బుడ్ల ఎట్రోపిన్‌తో మొదలుపెట్టి, ఊపిరితిత్తులు పొడిబారి నాడి 80 దాటేదాకా ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ పోతారు. ఒకరికి విషమైంది ఇంకొకరికి విరుగుడు. ఈ లెక్క మన నాటువైద్యులకు తెలియనిది కాదు. “గోరంత చాలు, వేలెడు వద్దు” అని మా తాత అనేవాడు. తేడా ఒక్కటే. బుడ్డిలో ఎంత ఉందో దాని మీద రాసి ఉంటుంది. కాయలో ఎంత ఉందో చెట్టును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది.

ఇది పొగడ్త కోసం చెప్పడం లేదు. దమ్ముకో దగ్గుకో ఉమ్మెత్త ఆకు పొగ పట్టించారనుకోండి. ఆ మాట మాకు చెప్పకపోతే, ఆ పెద్దవైన కంటిపాప చూసి ఇటు నేనూ అటు డాక్టరూ తలలో ఏదో అయిందనుకుంటాం. చెప్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కానీ మనవాళ్లు చెప్పరు. ఎందుకు చెప్పరో కూడా నాకు తెలుసు. చెప్తే తిడతారు. “పసరు పోసి తీసుకొచ్చారా, చచ్చిపోయాక తేవలసింది” అనే మాట నేనూ విన్నాను, మీరూ విన్నారు. తిట్టిన చోట మనిషి నోరు మూసుకుంటాడు. అందుకని వైద్యశాఖలో పనిచేసే మన పిల్లలకు చెప్తున్నాను. “ఏమైనా ఆకుమందు తిన్నారా” అని నేరం అడిగినట్టు అడక్కండి. “ముందు ఏం చేసి చూశారు” అని అడగండి. ఆ ప్రశ్నకు దిసారి పేరు దగ్గర నుంచి సంతలో కొన్న గోలీ దాకా అన్నీ బయటికొస్తాయి.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మైదానంలో మనిషికి జబ్బు చేస్తే బండి ఎక్కుతాడు, ఆసుపత్రిలో దిగుతాడు. మన దగ్గర అలా కాదు కదా. డోలీలో దిగాలి. గెడ్డ దాటాలి. కొన్నిచోట్ల బైకు అంబులెన్సు. తర్వాత 108. పీహెచ్‌సీ. అక్కడ నుంచి పాడేరు. అప్పటికీ కుదరకపోతే ఘాట్ దిగి విశాఖపట్నం కేజీహెచ్. ఐదు ఆరు చేతులు మారతాడు. ప్రతి చేతిలోనూ ఏదో ఒక మందు పడుతుంది. రోగి మాత్రం కొండ దిగుతాడు, ఆయనకు ఏం ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎన్నింటికి ఇచ్చారు అన్న మాట దిగదు. ప్రతి మలుపులో కొంచెం కొంచెం జారిపోతుంది. కేజీహెచ్‌కి చేరేసరికి “ఏదో సూది వేశారండి” ఒక్కటే మిగులుతుంది.

దాని వల్ల ఏమవుతుందో గర్భిణులకు వచ్చే ఫిట్సు తీసుకుని చెప్తాను. బీపీ పెరిగి, కాళ్లు ముఖం వాచి, తలనొప్పితో కళ్లు మసకబారి, చివరికి ఫిట్సు. దీనికి మందు మెగ్నీషియం సల్ఫేట్. మొదటి డోసు సబ్‌సెంటర్లో ఏఎన్ఎం కూడా ఇవ్వవచ్చు. రెండు పిరుదుల్లోనూ ఐదేసి గ్రాములు, లోతుగా. ఒక బుడ్డిలో ఒక గ్రామే ఉంటుంది కాబట్టి ఇటు ఐదు బుడ్లు, అటు ఐదు బుడ్లు, మొత్తం పది. ప్రాణం నిలబెట్టే మందు. కానీ ఒంట్లో ఎక్కువైతే ఇదే మందు ముందు మోకాలి కుదుపును చంపేస్తుంది, తర్వాత ఊపిరిని ఆపేస్తుంది. అందుకే తర్వాతి డోసు ముందు మూడు చూడాలి. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగురుతోందా, నిమిషానికి కనీసం 16 సార్లు ఊపిరి తీస్తోందా, గంటకు 30 మిల్లీలీటర్లైనా మూత్రం వస్తోందా. ఎక్కువైందనిపిస్తే విరుగుడు కాల్షియం గ్లూకోనేట్.

ఇప్పుడు ఆలోచించండి. పైన ఇచ్చారన్న సంగతి కింద తెలియకపోతే, కింద మళ్లీ మొత్తం డోసు ఇస్తారు. లేదా “పైన ఇచ్చే ఉంటారులే” అనుకుని ఇవ్వకుండా వదిలేస్తారు. రెండూ ప్రమాదమే.

ఒక వానాకాలం పొద్దున్న ఒక అమ్మాయిని డోలీలో రోడ్డు దాకా దించారు. పంతొమ్మిదేళ్లు, తొలి కాన్పు, రెండుసార్లు ఫిట్సు వచ్చి మగతగా ఉంది. ఏఎన్ఎం అక్క తన పని తాను చక్కగా చేసింది. సూదులు వేసింది, కాగితం మీద రాసి భర్త చొక్కా జేబులో పెట్టింది. గెడ్డ దాటేటప్పుడు నడుం లోతు నీళ్లు. నేను అందుకునేసరికి ఆ కాగితం మీద నీలం మరక తప్ప అక్షరం లేదు. ఏఎన్ఎం అక్క ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆ కుర్రాడిని అడిగితే “సూదులేశారు సార్, చాలా వేశారు” అంటాడు. చాలా అంటే ఎన్ని?

అప్పుడు ఆ అమ్మాయి అత్తగారు ముందుకొచ్చింది. ఆవిడకు తెలుగు అంతగా రాదు. కొంగు ముడి విప్పింది. దూదిలో చుట్టి, అందులో పది ఖాళీ బుడ్లు. పదీ మెగ్నీషియమే. ఏఎన్ఎం వాటిని పారేయబోతుంటే ఆవిడే అడిగి తీసుకుందట. ఎందుకమ్మా అంటే, “నా కోడలి ఒంట్లోకి పోయినదాని గుర్తు నా దగ్గర ఉండాలి కదా” అంది. ఎన్నింటికి వేశారని అడిగితే, ఆశ్రమ పాఠశాలలో పొద్దుటి గంట కొట్టినప్పుడంది. మా పైలట్ పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారు, ఆ గంట ఎన్నింటికో అతనికి తెలుసు. పేరు, మోతాదు, టైము, మూడూ దొరికాయి. సిగ్నల్ ఉన్న మలుపులో ఆగి డాక్టరుకు చెప్తే, ఇప్పుడు ఇంకా ఇవ్వొద్దు, మోకాలు, ఊపిరి చూసుకుంటూ ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్లమన్నారు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చేతిలో ఆ పది బుడ్లూ పెట్టాను. ఆవిడ లెక్కపెట్టి కేస్ షీట్ మీద రాసుకున్నారు. తల్లీ బిడ్డా ఇద్దరూ ఇంటికెళ్లారు.

ఆ అవ్వ బడి ముఖం చూడలేదు. మందులు ఇచ్చే చోట రికార్డు అంటే ఏమిటో ఆవిడకు తెలిసినంత బాగా చాలామంది చదువుకున్నవాళ్లకు తెలియదని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త. పగిలిన గాజు కోస్తుంది, సూదులు అసలే ముట్టుకోకూడదు. ఆవిడలా దూదిలో చుట్టి ఇమ్మని అడగండి. లేదంటే బుడ్డి మీది పేరు ఫోన్‌లో ఫొటో తీయండి.

పాము కాటు సంగతి చెప్పాలి, ఇది వానాకాలం కాబట్టి. విరుగుడు మందు పొడి రూపంలో చిన్న సీసాల్లో వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకటే మందు. పొడి మందుకు ఫ్రిజ్ అక్కర్లేదు కాబట్టి పీహెచ్‌సీలో ఉంచుకోవచ్చు. మొదట ఎనిమిది నుంచి పది సీసాలు పడతాయి. చిన్నపిల్లలకు కూడా అంతే ఇస్తారు, తగ్గించరు. ఎందుకంటే పిల్లవాడిని కరిచినా పెద్దవాడిని కరిచినా పాము వదిలే విషం అంతే. మందు కొట్లాడేది విషంతో, మనిషి బరువుతో కాదు. అంత చిన్నపిల్లకు అన్ని సీసాలా అని భయపడి అడ్డు చెప్పకండి.

ఆ విషం ఎవరు తీస్తారో తెలుసా? మనవాళ్లే. తమిళనాడులో ఇరుళ ఆదివాసీలు. 1972 వన్యప్రాణి చట్టంతో పాము చర్మాల వ్యాపారం ఆగిపోయాక, 1978లో వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశంలో విరుగుడు మందు తయారు చేసే కంపెనీలకు చాలాకాలంగా విషం ప్రధానంగా వాళ్ల దగ్గర నుంచే వెళ్తోంది. 2023లో మాసి సడైయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళ ఆదివాసీలకు పద్మశ్రీ ఇచ్చారు. మంత్రం వేస్తే దిగుతుందా, మందు వేస్తే దిగుతుందా అని ఊళ్లో తగవు వస్తే ఈ మాట చెప్పండి. ఆ మందు వెనక కూడా ఆదివాసీ చెయ్యే ఉంది.

పాము కాటులో టైమే మందు. ఎన్నింటికి కరిచింది, కనురెప్పలు ఎప్పుడు వాలడం మొదలైంది, చిగుళ్ల నుంచి రక్తం ఎప్పుడు కనిపించింది, ఇవి చెప్పండి చాలు. పామును చంపి తెచ్చే పని పెట్టుకోకండి. కోయొద్దు, బిగించి కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టండి. కట్లపాము కాటుకు నొప్పి కూడా ఉండదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు నొప్పి అంటాడు, తర్వాత మాట ముద్దగా వస్తుంది, కళ్లు తెరవలేడు. ఇందాక నవ్విన తమ్ముడికి చెప్పాల్సింది ఇక్కడే. మనిషి ముందురోజు జీలుగు కల్లు తాగి ఉంటే ఇంట్లోవాళ్లు మత్తనుకుంటారు, పడుకోబెడతారు. కల్లు వాసన వచ్చిందని కల్లు మత్తే అనుకోకూడదు. ఖాళీ కడుపుతో తాగి షుగర్ పడిపోయినా అలాగే ఉంటుంది. నేను ముందు వేలి చివర గుచ్చి షుగర్ చూస్తాను. తక్కువైతే గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూర్చుంటాడు.

గ్లూకోజ్ అన్నాను కాబట్టి ఒక చిన్న మాట. సంతలో నీరసానికి గ్లూకోజ్ సీసా ఎక్కించుకుని ఐదారు వందలు ఇచ్చి వస్తున్నారు. ఐదు శాతం గ్లూకోజ్ అరలీటరు సీసాలో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. ఐదు చెంచాలు. ఇంటికెళ్లి రెండు గ్లాసుల టీలో కలుపుకోండి, సరిపోతుంది.

మోతాదు తేడా వచ్చేది ఎక్కువగా పిల్లల జ్వరం సిరప్ దగ్గర. పారాసిటమాల్ పిల్లలకు కిలోకు 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లకు 150. ఇది 125 రాసిన సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 రాసిన సిరప్ అయితే 3, చుక్కల మందు అయితే ఒకటిన్నర. మూడు సీసాల మీదా పేరు ఒకటే. పోయినసారి ఒక మూత పోశాం కదా అని కొత్త సీసాలోంచీ మూత పోస్తే ఎంత తేడా వస్తుందో మీరే లెక్క వేయండి. పక్కింటి సీసా అరువు తెచ్చుకోకండి. ఆ సీసాతో వచ్చిన మూతతోనే కొలవండి.

కాన్పు తొందరగా అవ్వాలని ఇంటికొచ్చి సూది వేసేవాళ్లున్నారు. ఆ సూది ఆక్సిటోసిన్. బిడ్డ పుట్టాక, ఒక నిమిషం లోపు, పది యూనిట్లు తల్లి కండలోకి ఇస్తే రక్తస్రావం ఆపే గొప్ప మందు. మా బండిలో కూడా ఇస్తాం. బిడ్డ పుట్టకముందు అదే మందు అలా కండలోకి పొడిస్తే గర్భసంచి ఆగకుండా బిగుసుకుపోతుంది, బిడ్డకు ఊపిరి అందదు, సంచి చిరిగిపోవచ్చు. పైగా ఆ మందు చల్లగా ఉండాలి, ఎండలో చేతిసంచీలో తిరిగిన బుడ్డిలో మందు ఎంత మిగిలిందో చెప్పలేం. ఆ సూది వేయించుకుని మాకు చెప్పకుండా బండి ఎక్కితే అది ఇంకో ప్రమాదం. ఎవరు వేశారో నాకు అక్కర్లేదు. వేశారా లేదా, ఎన్నింటికి, అది చెప్పండి. నేను పోలీసును కాదు.

ఇక మన ఒంట్లో ఉన్న రెండు గుణాల సంగతి. ఆదివాసీల్లో సికిల్‌సెల్ ఎక్కువ. 2023 జులై 1న జాతీయ సికిల్‌సెల్ మిషన్ మొదలైంది, పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డు ట్రంకు పెట్టెలో ఉంటే నాకు ఉపయోగం లేదు. కీళ్లు, ఎముకలు పీకేస్తున్నాయని ఏడుస్తున్న పిల్లను చూసి కార్డు లేకపోతే ఒళ్లు నొప్పులనుకుంటారు. కార్డు ఉంటే నీళ్లు, నొప్పి మందు, ఆక్సిజన్ స్థాయి, అన్నీ వేరే లెక్కలో చూస్తారు. రెండోది జీ6పీడీ లోపం. ఇది ఉన్నవాళ్లు మామూలుగా బాగానే ఉంటారు. వైవాక్స్ మలేరియా మళ్లీ రాకుండా 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ వేసుకుంటే మాత్రం వాళ్ల రక్తకణాలు పగిలిపోవచ్చు. మూత్రం డికాషన్ రంగులో వస్తుంది, కళ్లు పచ్చబడతాయి, ఆయాసం వస్తుంది. అలా అయితే గోలీ ఆపి వెంటనే పీహెచ్‌సీకి రండి, ఆ గోలీల అట్ట కూడా తీసుకురండి. దీనికి భయపడి అందరూ ప్రైమాక్విన్ మానేస్తే మలేరియా మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. మానేయమని నేను చెప్పడం లేదు, రంగు చూసుకోమంటున్నాను.

సంఘానికి నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. జేబులో పట్టేంత అట్ట కార్డు, ప్లాస్టిక్ కవరులో, ఊరికి పాతిక. అందులో నాలుగు గళ్లు. ఏ మందు, ఎంత, ఎన్నింటికి, ఎవరు ఇచ్చారు. కింద ఇంకో గడి, ఇంట్లో ముందు ఏం చేసి చూశారు అని. ఒక మూల సికిల్‌సెల్ ఉందా లేదా. చదువు రానివాళ్ల కోసం సూది బొమ్మ, గోలీ బొమ్మ, ఆకు బొమ్మ, పొద్దు బొమ్మ. తెలుగులో ఒకవైపు, ఆదివాసీ ఒడియాలో, కువిలో రెండోవైపు. బొమ్మలు గీసే పిల్లలు మన హాస్టళ్లలో ఎంతమంది లేరు? ఆశ అక్క దగ్గర ఒక కట్ట, డోలీ మోసే కుర్రాళ్ల దగ్గర ఒక కట్ట ఉంటే చాలు. గెడ్డ దాటేటప్పుడు కవరు తలపాగాలో పెట్టుకోమనండి.

ఇంకొకటి, ఇంటర్ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పనిలోకి రండి. 2021 చట్టంలో మా వృత్తిని కూడా ఆరోగ్య వృత్తుల్లో చేర్చారు, కోర్సులు వస్తున్నాయి. కువి మాట్లాడే అవ్వ ఒళ్లో మనవణ్ని పెట్టుకుని బండిలో కూర్చున్నప్పుడు “ఏం ఇచ్చావమ్మా” అని ఆవిడ భాషలో అడగగలిగిన మనిషి ఉండాలి. నేను అడగగలిగేవి రెండు భాషలే. మూడోదానికి మనిషి కావాలి.

భోజనాల తర్వాత ఆ మామిడి చెట్టు కింద ఖాళీ బుడ్లు, రెండు రకాల సిరప్ సీసాలు పెట్టుకుని కూర్చుంటాను. మీ ఇళ్లలో ఉన్న గోలీలు, అట్టలు, సీసాలు సంచీలో వేసుకుని వచ్చినవాళ్లు అక్కడికి రండి, ఏది దేనికో కలిసి చూద్దాం. కార్డు నమూనా ఒకటి నేనే చేత్తో గీసి తెచ్చాను. బొమ్మలు బాగా లేవు, మీరు దిద్దండి. సెలవు. జోహార్.